వైద్య విద్య: మీ ప్రశ్నలు, మా జవాబులు – కోసే ముందు కొలవడం నేర్పే చదువు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం), మలద్వారం ఎలా పనిచేస్తాయో కొలిచి తెలుసుకునే శాస్త్రం గురించీ, అందులో యువ సర్జన్లు చేసే పరిశోధన గురించీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు రావడం నాకు సంతోషం కలిగించింది. నలుగురిలో చెప్పుకోలేని బాధ కావడం వల్ల ఈ విషయం మీద అడిగేవారూ తక్కువే, రాసేవారూ తక్కువే. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను నెల్లూరులో ఎం.ఎస్. జనరల్ సర్జరీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పెద్దపేగు, మలద్వారాల పనితీరును పరీక్షించే విభాగంలో రెండేళ్ల క్లినికల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉందనీ, దరఖాస్తు చేసుకోమనీ మా యూనిట్‌లో ఒక సీనియర్ సలహా ఇచ్చారు. నా తోటివారు మాత్రం ఆ రెండేళ్లూ ఆపరేషన్ థియేటర్‌కు దూరమైతే నేర్చుకున్నది కూడా పోతుందనీ, దానికి బదులు సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్‌కు చదివి, ఎం.ఎస్. తర్వాతి పట్టా అయిన ఎం.సీహెచ్.లో చేరమనీ అంటున్నారు. అసలు ఆ ఫెలోషిప్‌లో ఏం చేయిస్తారు? సర్జన్ కాదలచినవాడికి అది అవసరమా?
– ఒక పీజీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: మీ తోటివారి మాటలో కొంత నిజం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అక్కడ జరిగే పని ఏమిటో చెప్పాలి.

ఎం.ఎస్.లో మనం నేర్చుకునేది ఎక్కువగా అవయవాల నిర్మాణం, వాటికి వచ్చే జబ్బులు, ఆ జబ్బులను కోసి తీసే పద్ధతులు. గడ్డ అయితే కంటికి కనిపిస్తుంది, పుండు అయితే కనిపిస్తుంది. కానీ కొలనోస్కోపీలో పేగు శుభ్రంగా ఉండి, స్కానింగ్‌లో ఏ లోపమూ లేకుండా, రోజూ ముప్పావు గంట మరుగుదొడ్డిలో కూర్చున్నా విరేచనం కాని మనిషికి ఏమైందో ఆ చదువు చెప్పదు. ముక్కిన సమయంలో సడలవలసిన కండరం సడలకపోగా ఇంకా బిగుసుకుంటూ ఉండవచ్చు. పేగు కదలికే మందగించి ఉండవచ్చు. పురీషనాళం నిండినా నిండినట్టు మెదడుకు తెలియకపోవచ్చు. మూడింటికీ పైకి కనిపించే లక్షణం ఒక్కటే, అదే మలబద్ధకం. చికిత్సలు మాత్రం వేరు. మొదటిదానికి కండరానికి సడలడం మళ్లీ నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ కావాలి. దానికి పోయి పోయి కత్తి పట్టుకుంటే రోగికి ఒరిగేదేమీ ఉండదు.

ఈ తేడాను పట్టుకోవడానికే ఫిజియాలజీ విభాగం ఉంటుంది. సన్నని గొట్టం మీద ఒత్తిడిని గుర్తించే సెన్సర్లను వరుసగా అమర్చి, మలద్వారం విశ్రాంతిగా ఉన్నప్పుడూ, బిగబట్టినప్పుడూ, దగ్గినప్పుడూ, ముక్కినప్పుడూ ఒత్తిడి ఎలా మారుతుందో నమోదు చేసే పరీక్షను అనోరెక్టల్ మానోమెట్రీ అంటారు. మలద్వారాన్ని మూసి ఉంచే వలయాకార కండరాన్ని స్ఫింక్టర్ అంటారు. విశ్రాంతి సమయంలో ఉండే ఒత్తిడిలో అధిక భాగం మన ప్రమేయం లేకుండా పనిచేసే లోపలి స్ఫింక్టర్‌ది. బిగబట్టినప్పుడు పెరిగే ఒత్తిడి మన అదుపులో ఉండే వెలుపలి స్ఫింక్టర్‌ది. గొట్టం చివరనున్న చిన్న బెలూన్‌లో గాలి నింపుతూ పోతే మొదటి స్పర్శ ఎప్పుడు తెలిసింది, ఆపుకోవాలనిపించింది ఎప్పుడు, ఇక భరించలేననిపించింది ఎప్పుడు అన్నవి తెలుస్తాయి. అదే బెలూన్ ఉబ్బినప్పుడు లోపలి స్ఫింక్టర్ తనంతట తాను సడలాలి. పసిపిల్లలలో అలా సడలకపోతే, పేగు చివర నరాల కణాలు పుట్టుకతోనే లోపించే హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిని అనుమానించి బయాప్సీకి పంపుతారు. కండరంలో చీలిక ఉందా లేదా అన్నది ఎండోయానల్ అల్ట్రాసౌండ్ చూపిస్తుంది. ముక్కేటప్పుడు లోపల ఏం జారుతోంది, ఏం మడతపడుతోంది అన్నది ఎక్స్‌రే లేదా ఎంఆర్ఐ డెఫికోగ్రఫీ చూపిస్తుంది.

చెరువు తూము ఎంత బిగువుగా ఉందో, ఎక్కడ అరిగిందో చూడకుండా దాన్ని చెక్కడానికి ఏ వడ్రంగీ పూనుకోడు. మన దగ్గర మాత్రం మలద్వారం చర్మంలో వచ్చే చీలిక అయిన ఫిషర్‌కు లోపలి స్ఫింక్టర్‌ను కొంత కోసే లాటరల్ స్ఫింక్టరోటమీని, అంతకుముందు కష్టమైన కాన్పులు అయిన స్త్రీకి కూడా, ఆమె కండరం బలమెంతో చూడకుండానే చేసేవారు ఉన్నారు. ప్రతి ఫిషర్‌కూ మానోమెట్రీ కావాలని నేను అనడం లేదు. ఎవరికి కావాలో గుర్తుపట్టే చూపు ఆ రెండేళ్లలో వస్తుందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ఈ శాస్త్రానికి లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రితో గాఢమైన సంబంధం ఉంది. ఫ్రెడరిక్ సాల్మన్ 1835లో కేవలం మలద్వార వ్యాధుల కోసం ఏడు పడకలతో మొదలుపెట్టిన వైద్యశాల అది. ఎక్స్‌రేలో కనిపించే చిన్న ముక్కలను మింగించి పేగు కదలిక వేగాన్ని కొలిచే పద్ధతిని 1969లో ప్రచురించింది ఆ ఆసుపత్రి బృందమే. కటిభాగపు కండరాల పనితీరు మీద సర్ అలన్ పార్క్స్ దశాబ్దాలు పనిచేసిందీ అక్కడే. ఆయన ఉద్దండుడైన సర్జన్ అన్న సంగతి మీ తోటివారికి చెప్పండి. పెద్దపేగు తీసేసిన రోగులకు చిన్నపేగుతో సంచీ కట్టే ఆపరేషన్‌ను 1978లో నికల్స్‌తో కలిసి లోకానికి అందించినవాడు ఆయనే. కొలవడం, కోయడం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

ఇక పరిశోధన. రీసెర్చ్ ఫెలో పరీక్షలు చేయడంతో సరిపెట్టుకోడు. ఒక ప్రశ్న వేసుకుని, దానికి జవాబు చెప్పగలిగే అధ్యయనాన్ని రూపొందించి, రోగుల హక్కులను కాపాడే ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకుని, రోగులతో మాట్లాడి వారి సమ్మతి తీసుకుని, నెలల తరబడి సమాచారం సేకరించి, గణాంక నిపుణుడి పక్కన కూర్చుని లెక్కలు తేల్చి, తేలినది తనకు నచ్చినా నచ్చకపోయినా రాయాలి. ఈ చివరి మాటకు ఒక ఉదాహరణ చెబుతాను. మలం అదుపు తప్పే రోగులకు చీలమండ దగ్గర సూది గుచ్చి నరాన్ని విద్యుత్తుతో ఉత్తేజపరిచే చికిత్స ఒకటి ఉంది. వారానికి ఒకసారి చొప్పున పన్నెండు వారాలు చేస్తారు. దాన్ని చేయించుకున్నవారు బాగుందనే చెప్పేవారు. బ్రిటన్‌లో 227 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు నిజమైన చికిత్స, మరో జట్టుకు అలాగే అనిపించే ఉత్తుత్తి చికిత్స చేసి చూశారు. ఆ ఫలితాలు 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. వారంలో అదుపు తప్పే సంఖ్య సగానికి తగ్గినవారు నిజమైన చికిత్స పొందిన జట్టులో 38 శాతం, ఉత్తుత్తి జట్టులో 31 శాతం. ఆ తేడా నమ్మదగినది కాదని తేలింది. అంటే బాగుపడినవారు నిజంగానే బాగుపడ్డారు, కానీ సూది వల్లనే బాగుపడ్డారని చెప్పడానికి వీలులేదు. ఇటువంటి అధ్యయనంలో ఒక్కసారి పాలుపంచుకున్న సర్జన్, ఆ తర్వాత ఏ కంపెనీ ప్రతినిధి కొత్త పరికరం తెచ్చి ఎన్ని పొగడ్తలు చెప్పినా, దేనితో పోల్చి చూశారని అడగకుండా ఉండడు. నా దృష్టిలో ఆ ఫెలోషిప్ ఇచ్చే అసలైన సంపాదన ఇదే.

ఇప్పుడు మీ తోటివారి అభ్యంతరం. ఎం.ఎస్. పూర్తయిన వెంటనే వచ్చే ఏళ్లు చేయి తిరిగే ఏళ్లు. ఆ కాలంలో వారమంతా ప్రయోగశాలలో గడిస్తే నష్టమే. అందుకని దరఖాస్తుకు ముందే మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: వారంలో ఎన్ని పూటలు థియేటర్, ఎన్ని పూటలు క్లినిక్, జీతం ఎవరిస్తారు, ఎంతకాలానికి, రెండేళ్ల చివర మీ చేతికి వచ్చేది పట్టానా, కేవలం అనుభవ పత్రమా. అక్కడ పరిశోధన చేసి పొందే ఎండీ పరిశోధన పట్టాయే గాని ఇక్కడి ఎండీ లాంటి స్పెషలిస్టు అర్హత కాదు, దాన్ని చూపించి ఎం.సీహెచ్.కు బదులుగా లెక్కించమని ఇక్కడ అడగలేరు. బ్రిటన్ ట్రైనీలు తమ శిక్షణ నుంచి అనుమతితో విరామం తీసుకుని, సాధారణంగా మూడేళ్లకు మించకుండా పరిశోధన చేసి, మళ్లీ అదే శిక్షణలోకి వెళతారు. వారికి తిరిగి వెళ్లే చోటు సిద్ధంగా ఉంటుంది, మీకు ఉండదు. అక్కడ రోగులను చూడాలంటే జనరల్ మెడికల్ కౌన్సిల్ నమోదు, దానికి ముందు ఆంగ్ల పరీక్ష తప్పవు. పీజీ సీటుకు బాండు రాసి ఉంటే దాని సంగతి తేల్చుకోకుండా విమానం టిక్కెట్టు కొనకండి.

నా సలహా అడిగారు కాబట్టి సూటిగా చెబుతున్నాను. పెద్దపేగు శస్త్రచికిత్సే మీ మార్గమని నిశ్చయించుకుని ఉంటే, ఒక ప్రశ్న మిమ్మల్ని నిజంగా వేధిస్తూ ఉంటే, వెళ్లండి. బయోడేటాలో ఒక వరుస పెరుగుతుందన్న ఆశే కారణమైతే వెళ్లకండి, ఎం.సీహెచ్. సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ మూడేళ్లూ మీకు ఎక్కువ మేలు చేస్తాయి. ఎం.సీహెచ్. తర్వాత ఫెలోషిప్‌కు వెళ్లే దారి కూడా మూసుకుపోదు, పైగా అప్పటికి చేయి కుదురుకుని ఉంటుంది. ఇంగ్లండు వెళ్లే ముందు వేలూరు సీఎంసీలోని పెద్దపేగు శస్త్రచికిత్స విభాగంలో గానీ, హైదరాబాదులోని జీర్ణకోశ వ్యాధుల ఆసుపత్రి ఏఐజీలో గానీ అనుమతి తీసుకుని కొన్నాళ్లు పరిశీలకుడిగా కూర్చోండి. నెల్లూరు నుంచి రెండూ రాత్రి ప్రయాణం దూరంలో ఉన్నవే. ఆ పని మీకు నచ్చుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. మా అబ్బాయి సర్జన్. ఏవో పేగు ఒత్తిళ్లు కొలిచే చదువుకు వెళతానంటున్నాడు. మన ప్రాంతంలో ఆ యంత్రాలే లేనప్పుడు ఆ చదువు ఎవరికి పనికొస్తుంది? విదేశాలలోని కొలతలు మనవాళ్లకు వర్తిస్తాయా?
– ఒక తండ్రి, సింగరాయకొండ

జవాబు: మాస్టారూ, మీ రెండో ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. విదేశాల కొలతలు యథాతథంగా మనకు వర్తించవు, అందుకే ఇక్కడివారు ఆ విద్య నేర్చుకోవాలి.

పేగు కదలిక పరీక్షనే చూడండి. పాశ్చాత్య దేశాలలో ఎక్స్‌రేలో కనిపించే చిన్న ముక్కలు మింగించి ఐదో రోజున ఎక్స్‌రే తీసే పద్ధతి వాడుకలో ఉంది. మనవారి ఆహారంలో పీచు ఎక్కువ, పేగు కదలికా వేగం. ఐదో రోజు దాకా ఆగితే కదలిక మందగించినవాడి ముక్కలు కూడా బయటికి వెళ్లిపోయి, ఏ లోపమూ లేదన్న తప్పుడు జవాబు రావచ్చు. లక్నోలోని సంజయ్ గాంధీ పోస్ట్ గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ వైద్యులు ఇది గమనించి, 36 గంటలకూ 60 గంటలకూ ఎక్స్‌రే తీసే పద్ధతిని మన రోగుల కోసం రూపొందించి నిరూపించారు. పరాయి కొలతబద్దను అలాగే తెచ్చుకుని ఉంటే ఎందరు రోగులు మీకేమీ లేదని చెప్పించుకుని ఇంటికి వెళ్లేవారో ఆలోచించండి. కూర్చునే భంగిమ కూడా అటువంటిదే. గొంతుక్కూర్చున్నప్పుడు పురీషనాళానికీ మలద్వారానికీ మధ్యనున్న వంపు బాగా తెరుచుకుంటుంది. పరీక్షలు ఎక్కువగా రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి చేస్తారు. జీవితమంతా నేల మరుగుదొడ్డి వాడినవారిని ఆ భంగిమలో ముక్కమని చెప్పి వచ్చిన అంకెలను ఎంతవరకు నమ్మాలో తేల్చవలసిన వాళ్లు ఇక్కడివాళ్లే.

యంత్రాల సంగతికి వస్తే, ఒంగోలులో గానీ కందుకూరులో గానీ మానోమెట్రీ లేకపోవడం లోటే. అయినా ఆ విద్య నేర్చినవాడు వేలితో చేసే పరీక్షలోనే చాలా తెలుసుకుంటాడు. బిగబట్టమన్నప్పుడు ఎంత బిగిసింది, ముక్కమన్నప్పుడు సడలిందా బిగిసిందా అన్నది శిక్షణ పొందిన వేలికి తెలుస్తుంది. యాభై మిల్లీలీటర్ల నీరు నింపిన బెలూన్‌ను ఏకాంతంలో కూర్చుని బయటికి పంపగలరా, ఎంతసేపట్లో పంపగలరు అని చూసే పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు. ఎవరిని చెన్నైకి పంపాలి, ఎవరిని పంపనవసరం లేదు అన్నది చెప్పగలిగిన సర్జన్ జిల్లాకు ఒక్కడున్నా ఎన్నో కుటుంబాలకు ప్రయాణ ఖర్చులు మిగులుతాయి. మీ అబ్బాయిని ఆపకండి. తిరిగి వచ్చి ఎక్కడ పనిచేయదలచాడో మాత్రం అడగండి, ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. మొదటి కాన్పులో పటకారు (ఫోర్సెప్స్) వేసి బిడ్డను తీశారు. అప్పట్లో ఏమీ తెలియలేదు గానీ నాలుగైదేళ్లుగా విరేచనం ఆపుకోలేకపోతున్నాను. పెళ్లిళ్లకు, గుడికి వెళ్లడం మానేశాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. చెన్నైలో ఒక ఆసుపత్రికి వెళితే, పరీక్షలు చేస్తామనీ, తమ పరిశోధనలో చేరతారా అనీ ఒక యువ డాక్టర్ అడిగారు. నా మీద ప్రయోగాలు చేస్తారేమోనని భయంగా ఉంది. కాదంటే వైద్యం చేయరేమోనని కూడా భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందుగా మీ రెండో భయం తీసేసుకోండి. పరిశోధనలో చేరనన్నంత మాత్రాన మీకు ఇవ్వవలసిన వైద్యాన్ని ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. చేరిన తర్వాత మధ్యలో మానేసినా అంతే, కారణం కూడా చెప్పనక్కరలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతున్నాయి. పరిశోధన వివరాలన్నీ మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, కాగితం మీద ఇవ్వాలి. మీరు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, చదువుకుని, నమ్మకమున్నవారితో మాట్లాడి నాలుగు రోజుల తర్వాత చెబుతానని అనవచ్చు. అప్పటికప్పుడు సంతకం పెట్టమని తొందరపెడితే పెట్టకండి. పరిశోధన కోసమే చేసే పరీక్షలకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు, దాని వల్ల మీకు హాని జరిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ ఇవ్వాలి. మీ పేరు ఎక్కడా బయటికి రాకూడదు. ఎథిక్స్ కమిటీ వారి ఫోన్ నంబరు ఆ కాగితం మీద ఉందో లేదో చూడండి.

ప్రయోగాలు అన్న భయం గురించి కూడా చెబుతాను. మీరు చెప్పినదాన్ని బట్టి వారు చేయబోయేవి మానోమెట్రీ, ఎండోయానల్ అల్ట్రాసౌండ్ అయి ఉంటాయి. మానోమెట్రీలో పెన్సిల్ కంటే సన్నని గొట్టం, స్కాన్‌లో వేలంత మందమున్న పరికరం. మత్తు అవసరం ఉండదు. నొప్పి ఉండదు గానీ బిడియంగా ఉంటుంది. ఆ బిడియం సహజమే. పరీక్ష జరిగినంతసేపూ పక్కన ఒక స్త్రీ ఉండాలని అడగండి, వీలైతే స్త్రీ డాక్టరే చేయాలని అడగండి. అలా అడగడంలో తప్పు లేదు.

మీ బాధకు మూలం ఆనాటి కాన్పులో ఉండే అవకాశం చాలా ఎక్కువ. పటకారు కాన్పులలో స్ఫింక్టర్‌కు గాయమయ్యే ప్రమాదం ఎక్కువని ఎప్పుడో తేలింది. వయసులో ఉన్నప్పుడు మిగిలిన కండరాలు ఆ లోటును కప్పిపుచ్చుతాయి, ముట్లుడిగే వయసు వచ్చాక లోటు బయటపడుతుంది. లండన్‌లో ఒక బృందం తొలి కాన్పు అయిన 79 మంది స్త్రీలకు ఆరు వారాల తర్వాత అల్ట్రాసౌండ్ చేసి, వారిలో 35 శాతం మందికి కండరంలో గాయం కనిపించిందని 1993లో ప్రకటించింది. వారిలో చాలామందికి అప్పటికి ఏ బాధా లేదు. ఆ ఫలితం ప్రసూతి వైద్యులను కలవరపెట్టింది. ఇటువంటి గాయాలలో చాలా వరకు ప్రసవమైన వెంటనే అనుభవమున్న వ్యక్తి వేలితో జాగ్రత్తగా చూస్తే తెలిసేవేననీ, చూడకపోవడం వల్లనే అవి దాగి ఉన్నట్టు లెక్కలోకి వచ్చాయనీ 2006లో మరో అధ్యయనం చూపింది. మీలాంటి స్త్రీలు బిడియాన్ని పక్కన పెట్టి పరీక్షకు ఒప్పుకోబట్టి ఈ సంగతులు తెలిశాయి. దాని వల్ల ఆ తర్వాతి తరం తల్లులకు కాన్పు గదిలోనే కుట్లు సరిగా పడ్డాయి.

ఇది చెప్పి మిమ్మల్ని చేరమని ఒత్తిడి చేయడం నా ఉద్దేశం కాదు. చేరినా చేరకపోయినా వైద్యం చేయించుకోండి. మలం పలచబడకుండా చూసుకునే ఆహార నియమాలు, డాక్టర్ చెప్పిన మోతాదులో విరేచనాలు తగ్గించే లోపరమైడ్ మందు, కటి కండరాల వ్యాయామం, వీటితోనే ఎందరో మళ్లీ పెళ్లిళ్లకూ గుళ్లకూ వెళ్లగలుగుతున్నారు. అవి చాలకపోతే వెన్ను దిగువన నరానికి చిన్న తీగ అమర్చి ఉత్తేజపరిచే చికిత్స ఉంది. ముందు కొద్దిరోజులు తాత్కాలికంగా పెట్టి చూసి, బాధ కనీసం సగం తగ్గితేనే శాశ్వత పరికరం అమరుస్తారు. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పి కొలనోస్కోపీ గురించి అడగండి. ఇంట్లో ఒక్కరికైనా, మీ చెల్లెలికో కూతురికో, ఈ సంగతి చెప్పండి. ఇన్నేళ్లు ఒంటరిగా మోసింది చాలు.

ప్రశ్న: ఒంగోలులో ఎం.ఎస్. మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ రంగంలోనే థీసిస్ చేయాలని ఉంది, కానీ మా దగ్గర మానోమెట్రీ యంత్రం లేదు. ఏదైనా అంశం సూచించగలరా?
– ఒక పీజీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: యంత్రం లేకపోవడం మీకు ఒక రకంగా మేలే చేస్తుంది, ప్రశ్న మీద దృష్టి నిలుస్తుంది. మీ వార్డులో ఏ ఆపరేషన్లు ఎక్కువ జరుగుతున్నాయో చూడండి. ఫిషర్, ఫిస్టులా ఆపరేషన్లు తప్పకుండా ఉంటాయి. ఆపరేషన్‌కు ముందు రోగికి మలం, గాలి మీద అదుపు ఎలా ఉంది, ఆరు వారాలకూ ఆరు నెలలకూ ఎలా ఉంది అని వెక్స్‌నర్ స్కోరుతో నమోదు చేయండి. అయిదే ప్రశ్నలు, సున్నా నుంచి ఇరవై దాకా మార్కులు, 1993 నుంచి వాడుకలో ఉంది. పుండు మానిందా అని అందరూ రాస్తారు. అదుపు ఎలా ఉందని ముందూ వెనకా అడిగి రాసేవారు అరుదు. భగందరానికి, అంటే ఫిస్టులాకు, మన దగ్గర మందు పూసిన దారంతో చేసే ఆయుర్వేద క్షారసూత్ర చికిత్స తీసుకునేవారు కూడా ఉన్నారు, దాన్ని మామూలు శస్త్రచికిత్సతో పోల్చిన బహుళ కేంద్రాల అధ్యయనాన్ని భారత వైద్య పరిశోధన మండలి 1991లోనే ప్రచురించింది. దాన్ని తప్పక చదవండి.

పురీషనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, పేగును తిరిగి కలిపిన రోగులు మీ దగ్గర ఉంటే మరో అంశం ఉంది. వారిలో చాలామందికి రోజుకు ఎన్నోసార్లు విరేచనం, ఆపుకోలేకపోవడం, వెళ్లి వచ్చిన కాసేపటికే మళ్లీ వెళ్లవలసి రావడం వంటి బాధలు ఉంటాయి. దాన్ని కొలవడానికి 2012లో డెన్మార్క్ వైద్యులు లార్స్ (లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్) స్కోరు రూపొందించారు. ఇందులో కూడా అయిదే ప్రశ్నలు. మొత్తం 42లో 30 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైనదని అర్థం. క్యాన్సర్ తగ్గింది కదా, ఇంకేం అడుగుతాంలే అని రోగి ఊరుకుంటాడు, బతికాడు కదా అని మనమూ ఊరుకుంటాం. ఆ మౌనం మీద పనిచేయండి.

ఈ రెండు స్కోర్లకూ తెలుగు పాఠం కావాలి, అక్కడ తొందరపడకండి. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి మార్చాలి, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండూ సరిపోయాక కొందరు రోగులకు చదివి వినిపించి ఏమర్థమైందో చెప్పమనాలి. పుస్తకాల తెలుగు వద్దు. దొడ్డికి వెళ్లడం, గాలి పోవడం అని కనిగిరి రైతూ చీమకుర్తి క్వారీ కూలీ చెప్పుకునే మాటల్లోనే అడగండి.

జాతీయ వైద్య కమిషన్ పీజీలకు తప్పనిసరి చేసిన బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సును చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతోంది. పరీక్ష గట్టెక్కడానికని కాకుండా, మీ థీసిస్ ప్రోటోకాల్ పక్కన పెట్టుకుని చదవండి. ఎంతమంది రోగులు కావాలో గణాంక నిపుణుణ్ని ముందే అడగండి. చేతికి దొరికినంతమందిని చేర్చుకుని తర్వాత లెక్క సరిపెట్టే అలవాటు మంచిది కాదు. చికిత్సలను పోల్చే అధ్యయనమైతే మొదటి రోగిని చేర్చుకోక ముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. అన్నిటికంటే కష్టమైనది ఆరు నెలల తర్వాత రోగిని మళ్లీ పట్టుకోవడం. కోతల కాలంలో ఎవరూ ఆసుపత్రికి రారు, పనుల కోసం హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవారు ఫోన్ నంబర్లు మార్చేస్తారు. మొదటి రోజే ఇంట్లో మరొకరి నంబరు కూడా తీసుకోండి, ఫోన్‌లో అడిగేందుకు ఎథిక్స్ కమిటీ అనుమతిని అప్పుడే కోరండి.

ప్రశ్న: జిల్లా స్థాయి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈ రంగంలో నర్సులకు చోటు ఉందా, లేక డాక్టర్లకేనా?
– ఒక నర్సు, ప్రకాశం జిల్లా

జవాబు: చోటు ఉండడమే కాదమ్మా, మీరు లేకపోతే ఆ విభాగం నడవదు. చాలాచోట్ల మానోమెట్రీ చేసేదీ, బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ ఇచ్చేదీ నర్సులు, ఫిజియోథెరపిస్టులే. సెయింట్ మార్క్స్‌లో నర్సుగా పనిచేసిన క్రిస్టీన్ నార్టన్, మలం అదుపు తప్పే 171 మంది రోగులపై చేసిన అధ్యయనాన్ని 2003లో ప్రచురించారు. నర్సు కూర్చుని రోగి చెప్పేది విని, ఆహారం, అలవాట్లు, మందుల గురించి ఓపికగా వివరించిన జట్టుకు వచ్చిన మేలు, యంత్రంతో బయోఫీడ్‌బ్యాక్ ఇచ్చిన జట్టుకు వచ్చిన మేలు దాదాపు ఒకటేనని తేలింది. అంటే ఖరీదైన పరికరం లేని మీ ఆసుపత్రిలో కూడా ఈ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు. మీ సర్జరీ విభాగాధిపతితో మాట్లాడి, వారానికి ఒక పూట, తలుపు వేసుకునే వీలున్న ఒక గది, పక్కనే మరుగుదొడ్డి అడగండి. ఏడు రకాల మలాన్ని బొమ్మలతో చూపే బ్రిస్టల్ చార్టు గోడకు అంటించండి, రెండు వారాల విరేచన డైరీ రాయడం రోగులకు నేర్పండి. రాయడం రానివారికి బొమ్మ పక్కన టిక్కు పెడితే చాలు.